రమ్ము

రమ్ము చెరకు రసము నుండి గానీ, చక్కెర తయారీలో మిగిలిపోయే మడ్డి (మొలాసిస్) నుండి గానీ తయారయ్యే ఒక మద్యము. ముడిపదార్థాన్ని పులియబెట్టి, బట్టీపట్టి, సాధారణంగా కొంతకాలం కొయ్య పీపాలలో నిలవ చేసి దీనిని తయారుచేస్తారు. చెరకు పండే ఉష్ణమండల దేశాలన్నింటిలోనూ ఇది ఏదో ఒక రూపంలో ఉన్నది. కరీబియన్ దీవులు, దక్షిణ అమెరికా, ఫిలిప్పీన్స్, ఆస్ట్రేలియా, మారిషస్, ఫిజీ, భారతదేశం దీని ముఖ్య ఉత్పత్తి ప్రాంతాలు.

రమ్ము చరిత్రకు తెలుగు నేలతో మూడు విధాల సంబంధం ఉన్నది. మొదటిది చెరకు పంట. విశాఖపట్నం ఓడరేవుకు వెనుకనున్న అనకాపల్లి, చోడవరం ప్రాంతాలు పేరుపొందిన చెరకు సీమలు. రెండవది వలస. 19వ శతాబ్దంలో కోరంగి, విశాఖపట్నం తీరాల నుండి అనేకమంది తెలుగువారు విదేశాలలోని చెరకు తోటలకు కూలీలుగా వెళ్ళారు. మూడవది మద్యనిషేధము. ఆంధ్రలో ఈ సమస్య ఒక ప్రభుత్వాన్ని పడగొట్టింది, ఒక మహిళా ఉద్యమాన్ని నడిపించింది.

పేరు

ఆంగ్లంలో ఈ పదం 17వ శతాబ్దం మధ్యకాలంలో కనిపిస్తుంది. అంతకు ముందు బార్బడోస్ దీవిలో వాడుకలో ఉన్న "రంబులియన్" అనే మాట నుండి ఇది వచ్చిందని ఎక్కువమంది అభిప్రాయం. ఆ మాటకు గొడవ, అల్లరి అనే అర్థం ఉండేది. తెలుగులో తాటి, ఈత చెట్ల నుండి తీసేది కల్లు, బట్టీపట్టి తీసేది సారా లేక సారాయి. విదేశీ పద్ధతిలో చేసిన మద్యాన్ని వెనుకటి తరాలవారు సీమసారా అనేవారు. చట్టపరంగా భారతదేశంలో తయారయ్యే రమ్ము, విస్కీ, బ్రాందీ వంటివన్నీ "దేశంలో తయారైన విదేశీ మద్యం" అనే వర్గంలోకి వస్తాయి.

చెరకుతో మద్యం చేయడం భారతదేశానికి కొత్త కాదు. మనుస్మృతిలో చెప్పిన మూడు రకాల సురలలో ఒకటైన గౌడి బెల్లంతో చేసేది. చెరకు రసాన్ని పులియబెట్టి చేసే సీధువు అనే పానీయం ప్రస్తావన ఆయుర్వేద గ్రంథాలలో ఉన్నది. బట్టీపట్టి, పీపాలలో నిలవ చేసి, ఓడలపై దేశదేశాలకు పంపే సరుకుగా రమ్ము రూపుదిద్దుకొన్నది మాత్రం కరీబియన్ దీవులలోనే.

తయారీ విధానం

రమ్ము తయారీలో నాలుగు ముఖ్యమైన దశలున్నాయి.

ముడిపదార్థం: చెరకు రసాన్ని కాచి చక్కెర పలుకులను వేరుచేసిన తరువాత ఇక పలుకు కట్టని చిక్కని నల్లని ద్రవం మిగులుతుంది. ఇదే మడ్డి. ఒక టన్ను చెరకు నుండి సుమారు 100 కిలోల చక్కెర, 40 నుండి 50 కిలోల మడ్డి వస్తాయి. ఒక టన్ను మడ్డి నుండి సుమారు 220 నుండి 250 లీటర్ల ఆల్కహాలు తీయవచ్చును. అంటే ఒక టన్ను చెరకుకు చక్కెర పోగా మిగిలిన మడ్డి నుండి, భారతదేశపు బలంతో లెక్కిస్తే, ఇంచుమించు 30 సీసాల రమ్ము తయారవుతుంది.

పులియబెట్టడం: మడ్డిని నీటితో పలుచన చేసి ఈస్టు కలుపుతారు. ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తుంది. తేలికపాటి రమ్ముకు ఒకటి రెండు రోజులు చాలును. జమైకాలో ఘాటైన వాసన కలిగిన రమ్ము కోసం చాలా రోజులపాటు పులియనిస్తారు. ముందరి బట్టీలో మిగిలిన మడ్డినీటిని కూడా అందులో కలుపుతారు.

బట్టీపట్టడం: పులిసిన ద్రవాన్ని వేడిచేసి, ఆవిరిని చల్లబరచి ఆల్కహాలును వేరుచేస్తారు. రాగి పాత్రలో విడతలు విడతలుగా తీసేది పాత పద్ధతి. ఇందులో వాసన, రుచి ఎక్కువగా నిలుస్తాయి. 1830లో ఈనియస్ కాఫీ అనే ఐర్లండు దేశస్థుడు హక్కు పొందిన స్తంభపు బట్టీ ద్వారా నిరంతరాయంగా, తక్కువ ఖర్చుతో, ఎక్కువ శుద్ధమైన ఆల్కహాలును తీయవచ్చును. పెద్ద కర్మాగారాలు ఎక్కువగా ఈ పద్ధతినే అనుసరిస్తాయి.

నిలవ చేయడం: బట్టీ నుండి వచ్చినప్పుడు రమ్ముకు రంగు ఉండదు. ఓక్ కొయ్య పీపాలలో ఉంచినప్పుడు కొయ్య నుండి రంగు, రుచి దిగుతాయి. స్కాట్లండు వంటి చలి దేశంలో పీపా నుండి ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. వేడి దేశాలలో ఈ నష్టం అంతకు కొన్ని రెట్లు ఉంటుంది. కనుక ఉష్ణమండలంలో మద్యం త్వరగా పరిపక్వమవుతుంది, పీపా కూడా త్వరగా ఖాళీ అవుతుంది. చాలా రమ్ములలో ముదురు రంగు కోసం మాడ్చిన చక్కెరను కలుపుతారు. కాబట్టి రంగును బట్టి మాత్రమే వయస్సును చెప్పలేము.

రకాలు

తెల్ల రమ్ము: తేలికైనది. నిలవ చేసిన తరువాత బొగ్గుతో వడకట్టి రంగు తీసివేసే పద్ధతి కూడా ఉన్నది.

బంగారు రంగు రమ్ము: కొంతకాలం పీపాలలో ఉంచినది.

నల్ల రమ్ము: చిక్కని రుచి కలది. భారతదేశంలో ఎక్కువగా అమ్ముడయ్యేది ఇదే.

చెరకు రసపు రమ్ము: మడ్డితో కాక నేరుగా రసంతో చేసేది. ఫ్రెంచి పాలనలోని మార్టినిక్ దీవి దీనికి ప్రసిద్ధి. ఆ దీవి రమ్ముకు 1996లో ఫ్రాన్స్ ప్రభుత్వం ప్రాంతీయ నామ రక్షణ ఇచ్చింది. బ్రెజిల్‌లోని కషాసా కూడా చెరకు రసంతోనే చేస్తారు, కానీ దానిని వేరే మద్యంగా పరిగణిస్తారు.

మసాలా రమ్ము: దాల్చిన చెక్క, వనిల్లా వంటి దినుసులు కలిపినది.

ప్రపంచ చరిత్ర

17వ శతాబ్దంలో బార్బడోస్ తదితర దీవులలో చక్కెర తోటలు విస్తరించినప్పుడు మడ్డి వృథాగా పోయేది. దానిని పులియబెట్టి మద్యం తీయడం అక్కడే వ్యాపారంగా మారింది. ఆ తోటలలో పనిచేసినది ఆఫ్రికా నుండి పట్టి తెచ్చిన బానిసలు. కరీబియన్ మడ్డి ఉత్తర అమెరికాలోని న్యూ ఇంగ్లండుకు వెళ్ళి రమ్ముగా మారేది. ఆ రమ్ములో కొంత ఆఫ్రికా తీరంలో బానిసల కొనుగోలుకు వెలగా చెల్లేది. ఆ బానిసలు తిరిగి చెరకు తోటలకే చేరేవారు. మడ్డిపై బ్రిటన్ 1733లోనూ, 1764లోనూ చేసిన పన్ను చట్టాలు అమెరికా వలసలలో అసంతృప్తికి ఒక కారణమయ్యాయి.

బ్రిటిష్ నౌకాదళంలో నావికులకు రోజూ రమ్ము ఇచ్చే ఆచారం 1655లో జమైకాను ఆక్రమించిన తరువాత మొదలై క్రమంగా స్థిరపడింది. 1740లో అడ్మిరల్ ఎడ్వర్డ్ వెర్నన్ రమ్మును నీటితో కలిపి ఇవ్వాలని ఆదేశించాడు. ఆ మిశ్రమానికే గ్రాగ్ అని పేరు వచ్చింది. ఈ రోజువారీ వాటాను 1970 జూలై 31న పూర్తిగా రద్దు చేశారు.

ప్రపంచంలోని కొన్ని ప్రముఖ బట్టీలు

మౌంట్ గే (బార్బడోస్): ఈ తోటలో బట్టీ ఉన్నట్లు చూపే 1703 నాటి దస్తావేజు ఉన్నది. నడుస్తున్న రమ్ము సంస్థలలో అతి పాతదిగా చెప్పుకొంటుంది.

యాపిల్టన్ (జమైకా): 1749 నుండి రమ్ము తయారీకి ఆధారాలున్నాయి.

బకార్డి: ఫకుండో బకార్డి 1862లో క్యూబాలోని శాంటియాగోలో స్థాపించాడు. బొగ్గుతో వడకట్టిన తేలికపాటి రమ్ము దీని ప్రత్యేకత. 1960లో క్యూబా ప్రభుత్వం దీని ఆస్తులను జాతీయం చేయగా, సంస్థ విదేశాలనుండి కొనసాగింది. దీని పెద్ద బట్టీ ప్యూర్టోరికోలో ఉన్నది.

హవానా క్లబ్ (క్యూబా): అరెచబాలా కుటుంబం 1934లో ప్రవేశపెట్టిన పేరు. జాతీయం చేసిన తరువాత 1993 నుండి క్యూబా ప్రభుత్వము, ఫ్రాన్స్‌కు చెందిన పెర్నో రికార్ సంస్థ కలిసి నడుపుతున్నాయి. ఈ పేరుపై హక్కు విషయంలో బకార్డితో అమెరికాలో దీర్ఘకాలం వ్యాజ్యాలు నడిచాయి.

బార్బన్‌కూర్ (హైతీ): 1862లో స్థాపితము. చెరకు రసంతో చేసే రమ్ముకు పేరు.

ఎల్ డొరాడో (గయానా): డెమరారా నదీతీరపు డైమండ్ బట్టీలో తయారవుతుంది. అక్కడ కొయ్యతో చేసిన పాతకాలపు బట్టీలు ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

తాందువాయ్ (ఫిలిప్పీన్స్): 1854 నుండి ఉన్నది. అమ్మకాల పరిమాణంలో ప్రపంచపు అగ్రస్థానాలలో నిలుస్తున్నది.

బుండబర్గ్ (ఆస్ట్రేలియా): 1888లో క్వీన్స్‌లాండ్ చక్కెర మిల్లుల యజమానులు మిగులు మడ్డిని వాడుకొనేందుకు స్థాపించారు.

షమరెల్ (మారిషస్): 2008లో ప్రారంభమైనది. చెరకు రసంతో రమ్ము చేస్తుంది.

బౌంటీ (ఫిజీ): లౌటోకా పట్టణంలో, చక్కెర మిల్లు ఉన్నచోటనే తయారవుతుంది.

భారతదేశంలో రమ్ము

ఎడ్వర్డ్ డయ్యర్ అనే ఆంగ్లేయుడు 19వ శతాబ్దంలో హిమాలయ ప్రాంతంలోని కసౌలీలో సారాయి బట్టీని స్థాపించాడు. జలియన్‌వాలాబాగ్ మారణకాండకు కారకుడైన జనరల్ డయ్యర్ ఇతని కుమారుడు. ఆ సంస్థ తరువాత మీకిన్ సంస్థతో కలిసి, 1949లో నరేంద్రనాథ్ మోహన్ చేతికి వచ్చి, మోహన్ మీకిన్‌గా మారింది. 1954లో ఈ సంస్థ ఓల్డ్ మాంక్ అనే నల్ల రమ్మును విడుదల చేసింది. ప్రకటనలు లేకుండానే ఇది దశాబ్దాలపాటు దేశంలో అత్యధికంగా అమ్ముడైన రమ్ముగా నిలిచింది. సంస్థను చాలాకాలం నడిపిన కపిల్ మోహన్ 2018లో మరణించాడు.

మెక్‌డోవెల్ సంస్థ మద్రాసు కేంద్రంగా 1826లో సీమ సరుకుల దిగుమతి వ్యాపారంగా మొదలైంది. 1951లో విఠల్ మాల్యా దీనిని సొంతం చేసుకొన్నాడు. ఈ సంస్థ తెచ్చిన సెలబ్రేషన్ రమ్ము ఓల్డ్ మాంక్‌ను మించి అమ్ముడై, ప్రపంచంలోని పెద్ద రమ్ముల సరసన చేరింది. మాతృసంస్థ యునైటెడ్ స్పిరిట్స్ 2014లో బ్రిటన్‌కు చెందిన డియాజియో ఆధీనంలోకి వెళ్ళింది. బెంగుళూరులోని ఖోడే సంస్థ వారి హెర్క్యులిస్, రాడికో ఖైతాన్ వారి కాంటెస్సా, అమృత్ సంస్థ వారి ఓల్డ్ పోర్ట్ ఇతర ప్రసిద్ధ రమ్ములు. భారతదేశంలో రమ్ము సాధారణంగా 42.8 శాతం ఆల్కహాలుతో ఉంటుంది. సైనిక క్యాంటీన్ల అమ్మకాలు ఈ పరిశ్రమకు పెద్ద ఆధారము. 1968 నుండి తూర్పు నౌకాదళ కేంద్రంగా ఉన్న విశాఖపట్నంలో ఈ క్యాంటీన్లు సుపరిచితమే.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటున్నది. భారతదేశంలో విస్కీ పేరుతో తక్కువ ధరకు అమ్ముడయ్యే మద్యాలలో చాలావాటికి మూలం ధాన్యం కాదు, మడ్డి నుండి తీసిన ఆల్కహాలే. ఐరోపా నిర్వచనం ప్రకారం విస్కీని ధాన్యం నుండే తీయాలి. కనుక ఆ లెక్కన ఇవి విస్కీ కన్నా రమ్ముకే దగ్గర.

విశాఖపట్నం, తెలుగు ప్రాంతాలు

అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోని అతి పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. ఇక్కడ చెరకు పరిశోధనా కేంద్రం 1913 నుండి ఉన్నది. అయితే చెరకు పండినంత మాత్రాన రమ్ము పరిశ్రమ రాదు. బెల్లం తయారీలో గానుగ ఆడిన రసాన్ని మొత్తం కాచి ముద్ద కట్టిస్తారు, మడ్డి విడిగా మిగలదు. మడ్డి మిగిలేది తెల్ల చక్కెర తయారీలోనే. అందువలన బట్టీలు బెల్లం ఊళ్ళలో కాక చక్కెర మిల్లుల పక్కనే వెలిశాయి.

నాటి మద్రాసు రాష్ట్రపు ఉత్తర కొసన, గంజాం జిల్లాలోని అస్కాలో 19వ శతాబ్దం మధ్యలో బిన్నీ కంపెనీ చక్కెర కర్మాగారాన్ని స్థాపించింది. తరువాత అది మించిన్ అనే ఆంగ్లేయుని చేతికి వచ్చింది. అక్కడ చక్కెరతో పాటు రమ్ము కూడా తయారయ్యేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ ప్రాంతం అందులో కలిసింది. భీమునిపట్నం సమీపంలోని చిట్టివలసలో అర్బత్‌నాట్ కంపెనీ నడిపిన చక్కెర కర్మాగారం తరువాత జనపనార మిల్లుగా మారింది. గోదావరి జిల్లాలోని సామర్లకోటలో ఉన్న సంస్థ పేరే "దక్కన్ షుగర్ అండ్ అబ్కారీ కంపెనీ". చక్కెరకూ సారాకూ ఉన్న బంధాన్ని ఆ పేరు తెలుపుతుంది.

మడ్డి నుండి వచ్చే ఆల్కహాలు అంతా తాగడానికే పోదు. తణుకులో ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ 1947లో స్థాపించిన ఆంధ్రా షుగర్స్ ఆల్కహాలు నుండి ఎసిటిక్ ఆమ్లం, ఆస్ప్రిన్ వంటి రసాయనాల తయారీకి విస్తరించింది. పెట్రోలులో ఇథనాలు కలిపే కార్యక్రమం 2018 నాటి జీవ ఇంధన విధానం తరువాత వేగం పుంజుకొన్నది. దానితో మడ్డికి మద్యం కన్నా వేరైన పెద్ద గిరాకీ ఏర్పడింది.

ఈ గిరాకీ వచ్చేనాటికి ఉత్తరాంధ్రలోని సహకార మిల్లులు చాలావరకు దెబ్బతిన్నాయి. దేశంలోని తొలితరం సహకార చక్కెర మిల్లులలో ఒకటైన ఏటికొప్పాక, తుమ్మపాల, పాయకరావుపేట వద్దనున్న తాండవ కర్మాగారాలు 2020 దశకం తొలినాళ్ళకే మూతపడ్డాయి. చోడవరం సమీపంలోని గోవాడ కర్మాగారం కూడా బకాయిల కష్టాలలో చిక్కుకొన్నది. బకాయిలు అందని రైతులు చెరకు మాని ఇతర పంటలకు మళ్ళారు. తెలంగాణలో 1937లో స్థాపితమై, చక్కెరతో పాటు ఆల్కహాలు కూడా తయారుచేసిన బోధన్‌లోని నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడింది.

చెరకు తోటలకు తెలుగువారి వలస

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం 1834లో రద్దయిన తరువాత తోటల యజమానులు ఒప్పంద కూలీలకోసం భారతదేశం వైపు చూశారు. అదే సంవత్సరం మారిషస్‌కు కూలీల రవాణా ఆరంభమైంది. 20వ శతాబ్దపు తొలినాళ్ళ వరకు ఇంచుమించు నాలుగున్నర లక్షలమంది భారతీయులు అక్కడికి చేరారు. వారిలో తెలుగువారు కోరంగి రేవు పేరు మీదుగా "కోరంగీలు"గా పిలువబడ్డారు. కూలీలు దిగిన పోర్ట్ లూయీలోని అప్రవాసీ ఘాట్‌ను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు తొలి ఓడ "ట్రూరో" మద్రాసు నుండి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 వరకు అక్కడికి లక్షా యాభై వేల మందికి పైగా వెళ్ళారు. ఫిజీకి 1879లో కలకత్తా నుండి, 1903 నుండి మద్రాసు మీదుగా కూలీలను తీసుకువెళ్ళారు. సాధారణంగా ఒప్పందం ఐదేళ్ళు. పనికి రాకపోవడం, తోట విడిచిపోవడం శిక్షార్హమైన నేరాలు. ఈ పద్ధతికి వ్యతిరేకంగా ఉద్యమం సాగగా 1920 నాటికి ఫిజీలో మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి. బౌంటీ వంటి రమ్ములకు మూలమైన చెరకు తోటలు ఈ శ్రమ మీదనే నిలిచాయి.

మద్యనిషేధం

మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం ఆరంభించింది. 1948 నాటికి అది విశాఖపట్నంతో సహా రాష్ట్రమంతటికీ విస్తరించింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తరువాత నిషేధం అమలుపై వేసిన రామమూర్తి సంఘం దాని ఎత్తివేతను సూచించింది. ఈ అంశంపై వచ్చిన అవిశ్వాస తీర్మానంలో 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1960 దశకం చివర నిషేధం తొలగింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు సారా దుకాణాన్ని మూయించారు. అక్షరదీప్తి చదువుల ప్రభావంతో పుట్టిన ఈ ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధానికి దారితీసింది. 1995లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం రమ్ముతో సహా సంపూర్ణ మద్యనిషేధం ప్రకటించింది. దొంగరవాణా, ఆదాయ నష్టం కారణాలుగా చూపి 1997లో దీనిని సడలించారు. సారాపై నిషేధం మాత్రం కొనసాగింది. 2019లో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం దుకాణాలను తానే నిర్వహించడం ప్రారంభించింది. 2024 అక్టోబరులో అవి తిరిగి ప్రైవేటు వారికి దక్కాయి.

సారా నిషేధం తరువాత దొంగబట్టీల సమస్య బెల్లం రైతులను కూడా తాకింది. నల్లబెల్లం ఊటతో నాటుసారా కాస్తారన్న కారణంగా అబ్కారీ శాఖ బెల్లం అమ్మకాలపై నిఘా పెట్టినప్పుడల్లా రైతులు, వర్తకులు అభ్యంతరం తెలిపారు.

ఆరోగ్యంపై ప్రభావం

రమ్ములో మత్తు కలిగించేది ఇథైల్ ఆల్కహాలు. ఇతర మద్యాలకు, దీనికి ఈ విషయంలో తేడా లేదు. చలిలో రమ్ము ఒంటికి వేడినిస్తుందన్న నమ్మకం సరికాదు. ఆల్కహాలు చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేయడం వలన వెచ్చగా అనిపించినా, శరీరం నిజానికి వేడిని కోల్పోతుంది. జలుబుకు మందుగా పసిపిల్లలకు రమ్ము చుక్కలు పట్టడం ప్రమాదకరము. ఆల్కహాలును క్యాన్సర్ కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1988లోనే గుర్తించింది. కాలేయ వ్యాధులు, గుండెజబ్బులు, రహదారి ప్రమాదాలు, కుటుంబ హింస దీనితో ముడిపడిన ఇతర సమస్యలు. కల్తీ మద్యంలో చేరే మిథైల్ ఆల్కహాలు కొద్ది మోతాదులోనే చూపును, ప్రాణాన్ని హరించగలదు.

ఇవి కూడా చూడండి

చెరకు
బెల్లం
అనకాపల్లి
కోరంగి
సారా వ్యతిరేక ఉద్యమం